డేరాలోని రేడియో

పోయిన ఆదివారం హ్యారీ పోటర్ చిత్రాల వరుసలో ఏడవదాన్ని, అంటే ‘డెత్లీ హాలోస్’ మొదటి భాగాన్ని, చాలా ఏళ్ళ తరువాత మహబూబ్‌నగర్‌లోని మా ఇంట్లో మళ్ళీ చూశాను. ఏడవ తరగతి చదువుతున్న మా తమ్ముని బిడ్డ సెలవుల్లో మొదటి ఆరింటినీ వరుసగా చూసి, ఇది మాత్రం అత్తతో కలిసే చూస్తానని పట్టుబట్టి ఆగింది. వెనక మంచం మీద మా నాయిన పడుకొని ఉన్నాడు. ఆయనకు ఈ కథలో ఎవరు ఎవరో తెలియదు, ఇంగ్లీషు రాదు. అయినా సినిమా మొదలైన పావుగంటకే లేచి కూర్చున్నాడు, చివరిదాకా అట్లాగే కూర్చున్నాడు. ఈ చిత్రాన్ని గురించి ఇన్నాళ్ళుగా నాలో ఉండిపోయిన మాటలను ఒకచోట రాసుకోవాలని ఆ రాత్రే అనిపించింది.

ఈ వరుసలో ఏది ఎక్కువ ఇష్టమని అభిమానులను అడిగితే మూడవదాని పేరో, యుద్ధమంతా ఉన్న ఎనిమిదవదాని పేరో చెబుతారు. ఏడవదాని పేరు చెప్పేవారు నాకు అరుదుగానే కనబడ్డారు. నడక మందమని, కథ సగంలో తెగిందని, అంతకుముందు ఆరు చిత్రాలకూ ప్రాణమైన హాగ్వర్ట్స్ అనే మాంత్రికుల బడి ఇందులో లేనే లేదని అంటారు. ఆ మూడు మాటలూ నిజమే. నా వరకు ఆ మూడింటి వల్లనే ఇది అన్నిటికంటే దగ్గరి చిత్రమైంది.

ఇది 2010 నవంబరు 19న విడుదలైంది. చివరి పుస్తకం 2007 జులైలో వచ్చింది. దాన్ని రెండు చిత్రాలుగా తీస్తామని నిర్మాతలు మరుసటి ఏడే ప్రకటించారు కాబట్టి కథ మధ్యలో ఆగుతుందని తెలిసే అందరం వెళ్ళాము. అప్పుడు నేను హైదరాబాదులో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. కార్తీక మాసం, మా వైపు కురుమూర్తి జాతర సాగుతున్న రోజులు. జాతరకు ఊరికి పోయి రావడానికి దాచుకున్న బస్సు చార్జీలతో ప్రసాద్స్‌లో టికెట్టు కొన్నాను. నూట నలభై ఆరు నిమిషాల తరువాత, దుష్ట మాంత్రికుడు వోల్డెమార్ట్, బడి పెద్ద అయిన డంబుల్‌డోర్ సమాధిని పగలగొట్టి అందులోని మంత్రదండాన్ని ఆకాశానికి ఎత్తగానే తెర చీకటి పడింది. హాలులో నాలుగు దిక్కుల నుండీ ‘అయిపోయిందా’ అన్న మాట వినిపించింది. తిరుగు బస్సులో నా స్నేహితురాళ్ళు, అడవిలో ఆ నడకంతా తీసేస్తే అరగంట కథ కూడా లేదని, డబ్బు దండగైందని చాలాసేపు వాదించారు. నేను కిటికీ పక్కన కూర్చొని ఒక్క మాటా కలపలేకపోయాను. నాకు ఏమైందో వారికి చెప్పాలంటే మా ఊరి సంగతి చెప్పవలసి ఉండేది, అప్పటికి అది ఎవరికీ చెప్పుకునే ధైర్యం నాకు లేదు.

మాది కోయిల్‌సాగర్ ప్రాజెక్టుకు దగ్గరి పల్లె. చెరువు నిండిన ఏడు జొన్న, కంది పండేవి, నిండని ఏడు ఆముదం మొక్కలు కూడా మోకాళ్ళ దాకా పెరిగేవి కావు. నాగార్జునసాగర్ మొదలుకొని దేశంలో ఎన్నో ప్రాజెక్టుల మట్టిపనిలో పాలమూరు కూలీల చేతులు ఉన్నాయని ఇప్పుడు పుస్తకాలలో రాస్తున్నారు. ఆ చేతులలో మా అమ్మవి, నాయినవి కూడా ఉన్నాయి. జాతర అయిపోయిన వారం పది రోజులకు గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సుతో అప్పులు కట్టి, నన్నూ తమ్ముణ్ణీ అవ్వ దగ్గర వదిలి వారు బొంబాయి పోయేవారు. ఉగాదికో, ఒక్కోసారి వానలు మొదలయ్యాకనో తిరిగి వచ్చేవారు. నాకు ఆరేళ్ళప్పటి నుండి పద్నాలుగేళ్ళ దాకా ప్రతి ఏడూ ఇదే జరిగింది.

చిత్రం మొదటి దృశ్యాలలో ఒకటి హ్యారీ స్నేహితురాలు హెర్మయనీ ఇంట్లో జరుగుతుంది. తల్లిదండ్రులు వెనక్కి తిరిగి సోఫాలో కూర్చొని టీవీ చూస్తుంటారు. ఆమె మెట్లు దిగి వచ్చి వారి వెనక నిలబడి, మంత్రదండం ఎత్తి వారి జ్ఞాపకంలో నుండి తనను తాను తుడిచేస్తుంది. తన కోసం వెతుక్కుంటూ వచ్చే శత్రువులు వారిని ముట్టకూడదని ఆమె చేసిన పని అది. గోడ పక్కన వరుసగా పెట్టిన ఫొటోలలో పసిపిల్లగా, బడిపిల్లగా ఉన్న హెర్మయనీ ఒక్కొక్క దానిలో నుండి మెల్లగా మాయమవుతుంది. అమ్మానాన్నలు మాత్రం అక్కడే నవ్వుతూ మిగిలిపోతారు. ఆ తరువాత ఆమె తలుపు తెరుచుకొని ఖాళీ వీధిలో నడిచిపోతుంది. పుస్తకంలో ఈ సంఘటన జరుగుతున్నట్టు రాయలేదు. హెర్మయనీ తరువాత ఎప్పుడో హ్యారీతో నాలుగు మాటల్లో చెబుతుంది, అంతే. కథనం రాసిన స్టీవ్ క్లోవ్స్, దర్శకుడు డేవిడ్ యేట్స్ ఆ నాలుగు మాటలను చిత్రానికి ముందుకు తెచ్చి పెట్టడం, నా దృష్టిలో, ఈ ఎనిమిది చిత్రాలలోనూ పుస్తకానికి చేసిన మార్పులన్నిటిలో ఉత్తమమైనది. అలెగ్జాండర్ డెస్ప్లా ఈ వరుసకు కొత్తగా వచ్చిన సంగీత దర్శకుడు. ఆయన తొలి స్వరాలు వినిపించేది ఈ చోటనే. తీగ వాయిద్యాలు బరువుగా, తడబడకుండా ముందుకు పోతుంటాయి, వెనక్కి తిరిగి చూడకూడదని నిశ్చయించుకున్న మనిషి నడకలాగా.

మా అమ్మానాయినలు కూడా మేము నిద్రలో ఉన్నప్పుడే పోయేవారు. మెలకువగా ఉంటే కాళ్ళకు చుట్టుకొని ఏడుస్తామని తెల్లవారుజామున బస్సు ఎక్కేవారు. పొద్దున లేచి చూస్తే మూలన తట్ట, పార ఉండేవి కావు, దండెం మీద అమ్మ చీరలు ఉండేవి కావు. గోడమీద మాత్రం కురుమూర్తి జాతరలో నలుగురం నిలబడి తీయించుకున్న ఫొటో ఉండేది. ఆ ఫొటోలో ఎవరూ మాయమయ్యేవారు కారు. అందుకని తమ్ముడు దాన్ని కిందికి దించమని ఏడ్చేవాడు. పోయేవారి బాధ ఎట్లా ఉంటుందో నాకు ఆ రోజుల్లో తెలియదు. వదిలిపెట్టి పోవడమంటే ప్రేమ తక్కువై పోవడమనే అనుకున్నాను. హెర్మయనీ ఆ వీధిలో ఒక్కతే నడుస్తుంటే, తెల్లవారుజామున మా వాకిట్లో నుండి నడిచిపోయిన అమ్మ ముఖం ఇరవై ఏళ్ళ వయసులో మొదటిసారి నాకు ఎదురుగా కనిపించింది.

ఆ తరువాతి ముప్పావు గంట వేగంగా గడుస్తుంది. ఏడుగురు హ్యారీలుగా మారి ఆకాశంలో పారిపోవడం, పెళ్ళిపందిరిలోకి మాంత్రికుల మంత్రిత్వ శాఖ కూలిపోయిందన్న వార్త రావడం, మారువేషాలతో ఆ శాఖలోకే చొరబడటం బాగానే ఉన్నాయి గాని వాటిని గురించి ఎక్కువగా చెప్పవలసింది లేదు. హ్యారీ పెంచుకున్న గుడ్లగూబ హెడ్విగ్ చావు ఒక్కటి మినహాయింపు. పుస్తకంలో ఆ గుడ్లగూబ పంజరంలో ఉండగానే ఏదో మంత్రం తగిలి చనిపోతుంది. చిత్రంలో హ్యారీ దాన్ని ముందే వదిలిపెడతాడు, అది తిరిగి వచ్చి అతనికి అడ్డంగా ఎగిరి చనిపోతుంది. ఆ పనివల్లనే ఏడుగురిలో అసలు హ్యారీ ఎవరో శత్రువులకు తెలిసిపోతుంది. మొదటిసారి చూసినప్పుడు ఈ మార్పు నాకు నచ్చలేదు. అర్థం లేకుండా వచ్చే చావే యుద్ధానికి నిజమైనదని వాదించేదాన్ని. ఇప్పుడు మేనకోడలు నా మోచేయి గట్టిగా పట్టుకొని వెక్కుతుంటే ఆ వాదన నాకే పలుచగా తోచింది.

ఈ చిత్రం తన అసలు కథలోకి అడుగుపెట్టేది హ్యారీ, హెర్మయనీ, వారి స్నేహితుడు రాన్ లండన్ వదిలి డేరా వేసుకున్నప్పటి నుండి. వోల్డెమార్ట్ తన ప్రాణాన్ని ముక్కలు చేసి వస్తువుల్లో దాచుకున్నాడు, ఆ వస్తువులను హోర్‌క్రక్స్‌లు అంటారు, అవి నాశనమైతే తప్ప అతను చావడు. ఆరవ చిత్రంలో ఈ సంగతి బయటపడినప్పుడు ఇంగ్లీషు దేశంలోని పిల్లలకు ఎట్లా అనిపించిందో గాని, బాలనాగమ్మ కథ విని పెరిగిన మాకు అది చాలా తెలిసిన విషయం. మాయల ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలుకలో ఉంటుంది. మా అవ్వ ఆ కథ చెప్పినప్పుడల్లా, ఆ చిలుక పాలమూరు పిల్లలమర్రి కొమ్మల్లోనే ఎక్కడో ఉందని నేను నమ్మేదాన్ని. ఏడువందల ఏళ్ళనాటిదని చెప్పే ఆ చెట్టు కింద నిలబడితే ఊడల మధ్య ఏది కొమ్మో ఏది మొదలో తెలియదు కాబట్టి, ప్రాణం దాచడానికి అంతకంటే మంచి చోటు ఉండదని నా లెక్క.

అయితే అవ్వ కథలో రాకుమారుడు చిలుక దొరకగానే దాని మెడ విరిచేస్తాడు. ఈ చిత్రంలో ముగ్గురికీ చిలుక దొరుకుతుంది గాని దాన్ని చంపే సాధనం దొరకదు. వారికి దొరికిన హోర్‌క్రక్స్ ఒక లాకెట్టు. దాన్ని పారవేయడానికి వీల్లేదు, పగలగొట్టడానికి రాదు, ఎవరో ఒకరు మెడలో వేసుకొని మోయవలసిందే. వంతులవారీగా మోస్తారు. మోస్తున్నవారి మనసు విషమవుతుంది, చిన్న మాటకు పెద్ద కోపం వస్తుంది, స్నేహితుడు శత్రువులాగా కనబడతాడు. ఏడు ముక్కల ప్రాణంలో డైరీ, ఉంగరం ముందే పోయాయి. నూట నలభై ఆరు నిమిషాల ఈ చిత్రంలో పోయేది ఈ లాకెట్టు ఒక్కటే. కథ నడవలేదని నా స్నేహితురాళ్ళు అన్నది దీన్ని చూసే. కాని చెడుతో యుద్ధం చేయడం కాకుండా, దాన్ని నెలల తరబడి మెడలో మోసుకొని తిరగడం ఎట్లా ఉంటుందో చూపడానికి నిదానమైన నడక తప్ప వేరే దారి ఉన్నదా? ఎడ్వర్డో సెర్రా కెమెరా అప్పటిదాకా ఈ వరుసలో లేని తీరులో, భుజం ఎత్తున ఊగుతూ, ఆ ముగ్గురి వెనకే నడుస్తుంది. యార్క్‌షైర్‌లోని మాల్హమ్ కోవ్ అనే చోట పగుళ్ళు పారిన సున్నపురాతి బండల మీద వారి డేరా ఒక్కటే నిలబడి ఉన్న దృశ్యం చూస్తే, మనిషన్నవాడు లేని చోటుకు వీరు ఎందుకు వచ్చారన్న దిగులు కలుగుతుంది.

ఆ డేరాలో రాన్ దగ్గర ఒక చిన్న రేడియో ఉంటుంది. గరగరమనే శబ్దం మధ్యలో ఒక గొంతు, ఏ భావమూ లేకుండా, కనబడకుండా పోయిన వారి పేర్లు చదువుతూ పోతుంది. రాన్ రాత్రీ పగలూ దాన్ని చెవి దగ్గర పెట్టుకొని వింటాడు. ఆ చప్పుడు హ్యారీకి విసుగు పుట్టిస్తుంది. రాన్ వినేది ఏదో ఒక పేరు కోసం కాదు, తన చెల్లెలి పేరు, అన్నల పేర్లు, తల్లి పేరు రాకుండా ఉండటం కోసం. ఒక పూట జాబితా ముగిసి తన వారి పేర్లు అందులో లేకపోతే అతనికి ఆ పూట గడిచినట్టు. పుస్తకంలోని రేడియో వేరు. అందులో తిరుగుబాటుదారుల కార్యక్రమం వస్తుంది, అది విన్నవారికి ధైర్యం ఇస్తుంది. చిత్రంలో ఆ ధైర్యం తీసేసి పేర్లు మాత్రమే మిగిల్చారు.

మా ఊళ్ళో ఫోను ఒక్క కిరాణా దుకాణంలోనే ఉండేది. బొంబాయి నుండి ఫోను వస్తే దుకాణదారు అరుగు మీద నిలబడి ఫలానా వారి పిల్లలకు ఫోనని కేక వేసేవాడు. సాయంత్రం వచ్చే ఫోనుకు అందరం ఉరికేవాళ్ళం. వేళగాని వేళ, మధ్యాహ్నమో అర్ధరాత్రో ఫోను మోగితే మాత్రం ఎవరూ ఉరికేవారు కాదు. కట్టడం పనిలో గోవ (పరంజి) మీద నుండి ఎవరో పడ్డారనో, మట్టిపెళ్ళ కూలిందనో వార్త వచ్చేది అట్లాంటి వేళలోనే. దుకాణదారు బయటికి వచ్చి పేరు చెప్పేదాకా ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, పిల్లలు వాకిళ్ళలోనే నిలబడి ఉండేవారు. పేరు వినబడగానే ఒక ఇంట్లో ఏడుపు లేచేది. మిగిలిన ఇళ్ళలో, ఆ ఏడుపు వింటూనే, లోపల్లోపల ఒక్క క్షణం ఊపిరి వదిలేవాళ్ళం. ఆ ఊపిరి వదిలినందుకు కలిగే సిగ్గును నేను ఏ కథలోనూ చదవలేదు. రాన్ ముఖంలో రూపర్ట్ గ్రింట్ దాన్ని చూపించాడు. పదేళ్ళుగా నవ్వించడానికే ఎక్కువగా వాడుకున్న నటుడు, ఒక పేరుకూ మరొక పేరుకూ మధ్య కళ్ళు మూసుకొని తెరిచే ఆ తీరు కోసం నేను ఈ చిత్రాన్ని ఎన్నిసార్లయినా చూస్తాను.

చివరికి లాకెట్టు బరువు, ఆకలి, భయం కలిసి రాన్‌ను డేరా నుండి బయటికి తోస్తాయి. నీకు ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి నీకు తెలియదని హ్యారీతో అనరాని మాట అని వెళ్ళిపోతాడు. తిరిగి వచ్చినప్పుడు అతను చెప్పే కారణం నాకు ఎంతో ఇష్టం. డంబుల్‌డోర్ వీలునామాలో అతనికి రాసి ఇచ్చిన ఒక చిన్న వస్తువు ఉంటుంది, దీపాల వెలుగును లాక్కొని తిరిగి విడిచిపెట్టగలదు. ఒకరోజు పొద్దున అందులో నుండి హెర్మయనీ గొంతు అతని పేరు పలకడం వినిపించిందని, ఒక వెలుగు ముద్ద వచ్చి తన గుండెలో దూరిందని, అది దారి చూపితే వచ్చానని చెబుతాడు. రేడియోలో ఏ పేర్లు వినబడకూడదని వణికాడో, ఆ మనిషిని వెనక్కి తెచ్చింది మళ్ళీ ఒక పేరే.

రాన్ లేని రోజుల్లో హ్యారీ, హెర్మయనీ అదే రేడియోలో వస్తున్న పాటకు డేరాలో నాట్యం చేస్తారు. పుస్తకంలో లేని ఈ దృశ్యం మీద అభిమానులు ఇప్పటికీ రెండుగా చీలి వాదించుకుంటారు. వారిద్దరి మధ్య లేని ప్రేమను చూపించారని కొందరి కోపం. నాకు అట్లా కనబడలేదు. హ్యారీ మొదట ఆమె మెడలోని లాకెట్టు తీసి పక్కన పెడతాడు, తరువాతే నాట్యం మొదలవుతుంది. చేతకాని అడుగులతో ఇద్దరూ కాసేపు నవ్వుతారు, పాట అయిపోగానే నవ్వు కూడా ఆగిపోతుంది, ఆమె తిరిగి తన చోటికి పోయి కూర్చుంటుంది. బరువు మోసేవారు దాన్ని కాసేపు దించుకోవడం తప్ప అందులో వేరే ఏమీ లేదు.

నాయిన పూర్తిగా మాటలు మానేసి చూసిన భాగం ముగ్గురు అన్నదమ్ముల కథ. మృత్యువును మోసం చేసి నది దాటిన ముగ్గురికి మృత్యువే మూడు వరాలు ఇస్తుంది. గెలవరాని మంత్రదండం కోరిన పెద్దవాడు, చనిపోయిన పిల్లను వెనక్కి తెచ్చే రాయి కోరిన నడిపివాడు ఆ వరాల వల్లనే నశిస్తారు. కనబడకుండా చేసే వస్త్రం కోరిన చిన్నవాడు మాత్రం నిండు వయసు బతికి, ఆ వస్త్రాన్ని కొడుకుకు ఇచ్చి, పాత స్నేహితుణ్ణి పలకరించినట్టు మృత్యువును పలకరించి దాని వెంట పోతాడు. బెన్ హిబాన్ దర్శకత్వంలో ఈ కథనంతా నీడల బొమ్మలతో చూపించారు. సన్నని కాళ్ళు, పొడవైన వేళ్ళు, వెనక పాతకాగితం రంగు వెలుగు, మీద హెర్మయనీ గొంతు. నాయిన చిన్నప్పుడు ఊరికి బొమ్మలాటవాళ్ళు వచ్చి రాత్రంతా తెర కట్టి ఆడేవారట. ఇంగ్లీషు ఒక్క ముక్క రాకపోయినా ఈ మూడు నిమిషాల కథ ఆయనకు నేను విడమరచి చెప్పవలసిన అవసరం రాలేదు. తెరమీద మృత్యువు వంగి నడవడం చూసి, యముడా అని మాత్రం అడిగాడు. ఈ ఎనిమిది చిత్రాలలో ఏ మూడు నిమిషాలను దాచిపెట్టుకుంటావని నన్ను అడిగితే వీటినే చూపిస్తాను.

లోపాలు లేవని నేను అనను, పుస్తకం చదవనివారికి ఈ చిత్రం చేసిన అన్యాయం ఉంది. హ్యారీ చేతిలో ఒక అద్దం ముక్క ఉంటుంది, అందులో ఒక నీలి కన్ను కనిపిస్తుంది, కథ మలుపు దానిమీద ఆధారపడుతుంది. ఆ అద్దం ఎవరిచ్చారో, ఎక్కడిదో ముందు చిత్రాలలో ఒక్క మాటైనా లేదు. మేనకోడలు ఈ సంగతి నన్ను మూడుసార్లు అడిగింది. పెళ్ళికొడుకు బిల్ కూడా ఇంతకుముందు కనబడనివాడే, గబగబా తన పేరు తానే చెప్పుకొని లోపలికి వస్తాడు. క్రీచర్ అనే ముసలి సేవకుని కథ, తన యజమాని రెగ్యులస్ కోసం అతను పడిన బాధ పుస్తకంలో నా కళ్ళు తడిపిన అధ్యాయం. ఇక్కడ దాన్ని రెండు మాటలకు కుదించారు. వెండి చేయి తన గొంతునే నులిమి చంపే వోల్డెమార్ట్ సేవకుడు పీటర్ పెటిగ్రూ అంతం ఇక్కడ లేదు, అతను స్పృహ తప్పి పడిపోతాడు, అంతే. హ్యారీ మీద ద్వేషంతో పెరిగిన అతని బంధువు డడ్లీ చివరికి హ్యారీతో పలికే మంచి మాట కూడా పోయింది. ఒక పుస్తకానికి రెండు చిత్రాల నిడివి దొరికినప్పుడు కూడా వీటికి చోటు లేకపోయిందంటే నాకు ఇప్పటికీ మనసు ఒప్పదు.

వీటన్నిటికంటే పెద్ద లోపం డాబీది. రెండవ చిత్రంలో హ్యారీ ఉపాయం వల్ల యజమాని చేతి నుండి ఒక మేజోడు దొరికి బానిసత్వం నుండి విడుదలైన ఈ ఇంటి సేవకుడు, పుస్తకాలలో నాలుగు, ఐదు, ఆరు భాగాలలో వస్తూ పోతూ మనవాడవుతాడు. చిత్రాలలో 2002 తరువాత అతను కనిపించేది తిరిగి 2010లోనే. ఎనిమిదేళ్ళు మరచిపోయిన పాత్రను తెచ్చి, ఆ చిత్రంలోనే చంపి, మమ్మల్ని ఏడవమనడం న్యాయం కాదని నేను ముందుగానే కోపంగా ఉన్నాను. ఆ కోపం నిలవలేదు. టోబీ జోన్స్ గొంతులో ఎక్కడా జాలి అడుక్కోవడం లేదు. మాల్ఫోయ్‌ల భవనంలో తన పాత యజమానుల ఎదుట నిలబడి, తనకు యజమాని లేడని, తాను స్వేచ్ఛగా ఉన్నవాణ్ణని చెప్పేటప్పుడు ఆ చిన్న దేహం నిటారుగా ఉంటుంది. అందరినీ తప్పించి సముద్రపు ఒడ్డుకు తెచ్చాక, వోల్డెమార్ట్ అనుచరురాలు బెల్లాట్రిక్స్ విసిరిన కత్తి అతని కడుపులో ఉన్నదని తెలుస్తుంది.

హ్యారీ అతణ్ణి ఒళ్ళో పెట్టుకొని, మంత్రం వాడకుండా గుంత తీసి సరిగా పాతిపెడతానంటాడు. ముగ్గురూ ఇసుకనేలలో పారలతో తవ్వుతుంటారు. అప్పుడే నాయిన మొదటిసారి గట్టిగా మాట్లాడాడు.

“మంత్రాలు వచ్చినోళ్ళే గదా, గుంత చేతుల్తోని ఎందుకు తీస్తున్నరు?”

“మంత్రం లేకుండనే తీస్తా అన్నడు తాతా,” అని మేనకోడలు ముక్కు తుడుచుకుంటూ చెప్పింది.

నాయిన తెరవైపు చూస్తూ కొంతసేపు ఊరుకొని, “అవ్, గట్లనే తియ్యాలె,” అన్నాడు. సినిమా అయిపోయాక, దీపం తీసేసిన తరువాత, ఆయన చీకట్లో ఒక సంగతి చెప్పాడు. బొంబాయిలో పనిచోట జ్వరంతో పోయిన తోటి కూలీని ఊరికి తెచ్చే డబ్బులు లేక, నలుగురు కలిసి అక్కడే, రోజూ పని చేసే పారలతోనే గుంత తీశారట. మట్టిపనికి వంద గుంతలు తీసిన చేతులకు ఆ ఒక్క గుంత తీయడం రాలేదని అన్నాడు. ఇన్నేళ్ళలో ఆయన నోట ఈ మాట నేను వినలేదు, అమ్మకు కూడా చెప్పలేదట.

ఆ దృశ్యం తీసింది వేల్స్ తీరంలో ఫ్రెష్‌వాటర్ వెస్ట్ అనే చోట. అభిమానులు అక్కడ డాబీ కోసం నిజంగానే ఒక గుర్తు సమాధి కట్టుకున్నారు. దానిమీద రంగులు వేసిన రాళ్ళు, మేజోళ్ళు పెట్టి పోతారు. ఆ తీరాన్ని చూసుకునే నేషనల్ ట్రస్ట్ 2022లో ఆ సమాధిని తొలగించబోమని చెప్పి, సముద్ర జీవులకు హాని కాబట్టి మేజోళ్ళు, రంగుల రాళ్ళ వంటివేవీ పెట్టవద్దని కోరింది. ఎన్నడూ బతికి ఉండని ఒక సేవకునికి అంతమంది అంతదూరం పోయి రాళ్ళు పెట్టారన్న సంగతి ఆ రాత్రి నాయినకు చెబుదామనుకున్నాను, కాని ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మరునాడు పొద్దున చాయ తాగుతూ ఆయనే మళ్ళీ అడిగాడు. “డేరాల రేడియో ఇంటుండె గద ఆ పిల్లగాడు, ఆళ్ళ ఇంటోళ్ళ పేర్లు ఏమన్న వచ్చినయా?”

రాలేదని చెప్పాను. ఎనిమిదవ చిత్రంలో ఆ ఇంటి కవల పిల్లలలో ఒకడు పోతాడని నాకు తెలుసు. మేనకోడలికి ఇంకా తెలియదు, బడిసంచి సర్దుకుంటూ మా ఇద్దరి మాటలూ వింటున్నది.

“మంచిగైంది,” అని నాయిన గ్లాసు కింద పెట్టాడు. వచ్చే ఆదివారం మిగిలిన కథ చూద్దామని, అప్పటిదాకా నిద్రపోకుండా ఉండాలని పిల్ల తాతకు చెప్పి బడికి పోయింది.